రివాల్వర్ మీద ఎర్రచుక్క

నాచారంలో పనిచేసిన తొమ్మిదేళ్ళలో ఎన్ని ముక్కల మీద ఎర్రచుక్క పెట్టానో లెక్క లేదు. అవన్నీ నీళ్ళ పంపుల్లోకి పోయే ఇత్తడి బుష్‌లు. ఒక్కసారి మాత్రం రివాల్వర్ మీద పెట్టాను. ఆ మాటెత్తి మా కంపెనీవాళ్ళు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనీ. మళ్ళీ తెచ్చినా మళ్ళీ పెడతాను.

తొంభైల మొదట్లో మాట. ఐటిఐ చేసి, చిల్కానగర్‌లో మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న ఒక చిన్న కంపెనీలో ఇన్‌స్పెక్షన్‌లో చేరాను. నాన్న కాలు దెబ్బతిని ఇంట్లో కూర్చున్నాడు, అమ్మ ప్రార్థనలు తప్ప ఇంకేమీ చెయ్యలేని స్థితిలో ఉంది. నెల జీతం తెచ్చేది నేనొక్కదాన్నే. కంపెనీలో నలభై మంది మగవాళ్ళు, వాళ్ళ మధ్య నేను. వాళ్ళు లేత్ మిషన్ల మీద తీసిన ముక్కల్ని నేను కొలిచి పాసో ఫెయిలో చెప్పాలి. ఫెయిలయ్యాక నాకంటే పదిహేనేళ్ళు పెద్దవాళ్ళు కూడా నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. దాంతో నేనంటే కొందరికి ఒళ్ళుమంట.

పద్ధతి ఏమిటంటే, ట్రేకి ఏవైనా ఆరు ముక్కలు ఏరి కొలవాలి. ఆరూ సరిపోతే ట్రే మొత్తం పాస్. ఆరింట్లో ఒక్కటి తప్పినా ట్రే మొత్తం వాపస్, చేసినవాడికి ఆ పూట కూలి కోత. తప్పిన ముక్క మీద చిన్న బ్రష్‌తో ఎర్ర పెయింట్ చుక్క పెట్టాలి. ట్రే ఎవరిదో నాకు తెలియకూడదని పేర్లు తీసేయించి నంబర్లు రాయించింది కూడా మా ఓనరే. ఆయన కోస్తా నుంచి వచ్చి, బాలానగర్‌లో లేత్ తిప్పి, పైసా పైసా కూడబెట్టి పైకొచ్చిన మనిషి. రూల్ అంటే రూల్ అనేవాడు. నన్ను అందరూ ఎర్రచుక్కమ్మ అనేవారు. మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, నిజం చెప్పాలంటే, కాస్త గర్వం కూడా వచ్చింది.

ఆ ఏడు ఈ కూలి కోత దగ్గరే గొడవ మొదలైంది. కోత తీసేయమని మావాళ్ళు అడిగారు, ఓనర్ కుదరదన్నాడు. మాటా మాటా పెరిగింది. ఒక సాయంత్రం గేటు దగ్గర ఎవరో విసిరిన రాయికి ఆయన కారు అద్దం పగిలింది. విసిరింది ఎవరో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ మర్నాటి నుంచి ఆయనకు భయం పట్టుకుంది. బ్యాంకు నుంచి జీతాల డబ్బు తెస్తాడు గనుక ఆయనకు తుపాకి లైసెన్సు ముందే ఉంది. లేనిదల్లా తుపాకి.

విదేశీ తుపాకులు రావడం ఆగిపోయి పాతవాటికి గిరాకీ పెరిగిన రోజులవి. కీసర వైపు భూములున్న ఒక ఊరి పటేల్ తన తండ్రి వాడిన ఇంగ్లీషు రివాల్వర్ అమ్ముతానన్నాడు. ఆయన చెప్పిన ధరకు అప్పట్లో ఉప్పల్‌లో చిన్న ప్లాటు వచ్చేది. ఓనర్ నన్ను పిలిచాడు.

"నాకు తుపాకులు తెలియవమ్మా. నీకూ తెలియవు. కానీ ఇనుము ఇనుమే కదా. కొలిచి చెప్పు, ఆ రేటుకు తగునో లేదో."

కబురు లేత్‌ల దగ్గరికి నాకంటే ముందే చేరింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అందరూ నా చుట్టూ మూగారు. వాళ్ళలో లేత్ తిప్పే పెద్ద టర్నర్ ఒకాయన ఉండేవాడు. చెయ్యి తిరిగిన పనివాడు. అంతకుముందు వారమే నేను ఎర్రచుక్క పెట్టిన ఒక ట్రే ఆయనదని కోత పడ్డాక తెలిసింది. ఆరింట్లో ఒక్క బుష్ తప్పింది, ఆ పూట కూలి పోయింది. ఆయన నన్ను చెల్లె అని పిలిచేవాడు.

"అది చెడిపోయిందని చెప్పు చెల్లె. కొన్నడంటే రేపు గేటుకాడ మనకే సూపెడ్తడు."

నాకు కోపం వచ్చింది. ఆయన చెప్పింది తప్పని కాదు. నా మనసులో ఉన్నదే ఆయన నోట వచ్చిందని. "నీ ట్రే చెడిపోయినప్పుడు నిజం చెప్పిన గదన్నా. గిప్పుడు అబద్ధమాడితే అప్పటిది గుడ అబద్ధమే అయితది" అన్నాను.

"మరి మంచిగుంటే?"

"మంచిగున్నదనే చెప్త."

అందరూ డబ్బాలు మూసి లేచిపోయారు. ఒక ముక్క చెడ్డదై ఉండాలని కొలవకముందే కోరుకోవడం నా పనిలో అదే మొదటిసారి, నా మీద నాకే సిగ్గేసింది.

మర్నాడు పదకొండింటికి పటేల్ వచ్చాడు. తెల్లటి బట్టలు, వేళ్ళకు ఉంగరాలు. నేను కొలుస్తానని ఓనర్ చెప్పగానే ఆయన నన్ను ఎగాదిగా చూసి మాది ఏ ఊరని అడిగాడు. మెదక్ వైపు ఊరి పేరు చెప్పాను. ఊళ్ళో ఎటు దిక్కు ఇల్లని అడిగాడు. అదీ చెప్పాను. అర్థమైందన్నట్టు తలూపి, రివాల్వర్ నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. ఆ మర్యాదలు నాకు కొత్త కాదు. ఖాళీ చేసి చూపించమని అడిగాను. ఆయన తెరిచి చూపించాక బల్ల మీది నుంచి నేనే తీసుకున్నాను.

పైకి ఎంత అందంగా ఉందో! నల్లటి నీలం రంగు, నున్నటి చెక్క పిడి. ఓనర్ దాని మీది నుంచి కళ్ళు తిప్పుకోలేదు. నాకు మాత్రం మా టూల్‌రూమ్‌లో ఉండే ఆరు బెజ్జాల పళ్ళెం గుర్తొచ్చింది. దాన్ని తిప్పితే ఒక్కో బెజ్జం వచ్చి సరిగ్గా ఒకేచోట ఆగాలి. రివాల్వర్ పనీ అంతే. తూటాలు పెట్టే చక్రంలో ఆరు గూళ్ళు. వెనక సుత్తిలా ఉండే గుర్రం లాగినప్పుడల్లా ఒక గూడు తిరిగి గొట్టానికి సూటిగా నిలబడాలి. నిలబడితే మంచిది, లేకపోతే చెడ్డది. మిగతాదంతా మెరుగు.

గొట్టం లోపలి వ్యాసం కొలిచి, అందులో సరిగ్గా జారేంత లావున ఒక ఇత్తడి కడ్డీ తీయమని కాగితం మీద రాసి పంపాను. ఇత్తడి అయితే లోపల గీత పడదు. అంత సన్నపని చేయగలవాడు కంపెనీలో ఆ పెద్ద టర్నర్ ఒక్కడే. అరగంటలో కడ్డీ వచ్చింది. మైక్రోమీటర్ పెట్టి మూడుచోట్ల చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు. వెంట్రుకంత లావు ఉంచి ఉంటే ఆరు గూళ్ళలోనూ ఇరుక్కునేది, ఆయన కోరిక తీరేది. చెడిపోయిందని చెప్పమని బతిమాలిన మనిషి కడ్డీని మాత్రం తప్పుగా తీయలేకపోయాడు. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది.

గుర్రం లాగి, గొట్టం మూతిలోంచి కడ్డీ దించాను. మొదటి గూట్లోకి నూనె పోసినట్టు జారింది. రెండోది, మూడోది, నాలుగోది, అయిదోది అన్నీ అంతే. ఒక్కోటి జారుతుంటే నా గుండె కూడా ఒక్కో మెట్టు జారింది. ఇక మంచిదనే చెప్పాలి, చెప్పేస్తాను, బయట మావాళ్ళ మొహాలు ఎలా చూడాలో తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

ఆరో గూటి దగ్గర కడ్డీ ఆగింది.

నేనే వంకరగా దించానేమోనని మళ్ళీ మొదటి నుంచి చూశాను. మళ్ళీ అయిదు జారాయి, ఆరోది ఆగింది. మూడోసారి నేను చూడలేదు, కడ్డీ ఓనర్ చేతిలో పెట్టాను. ఎన్నేళ్ళో లేత్ మీద ఆడిన వేళ్ళు అవి. ఆగిన చోటు ఆయన వేళ్ళకు వెంటనే తెలిసింది. పటేల్ మొహం చూడకుండా నెమ్మదిగా కడ్డీ బయటికి తీశాడు.

నేను చెప్పాల్సింది చెప్పాను. "ఆరో గూడు అంచుకు కొట్టుకుంటది సార్. పేలిస్తే సీసం తెగి పక్కకు ఎగుర్తది. ఎదురున్నోనికి తగుల్తదో లేదో గని, పక్కనున్నోనికి తగుల్తది."

ఓనర్ కళ్ళు మళ్ళీ రివాల్వర్ మీదికే పోయాయి. "ఐదు బాగానే ఉన్నాయి కదమ్మా. రేటు కాస్త తగ్గించి అడుగుదాంలే."

అప్పుడు నిజంగా ఒళ్ళు మండింది. పైన పటారం, లోన లొటారం అని తన వేళ్ళకే తెలిశాక కూడా ఆ మాట ఎలా వచ్చిందో ఆయన నోట! బుష్‌కొక న్యాయం, తుపాకికొక న్యాయమా? "ఆరింట్ల ఒకటి తప్పితే ఏం జేస్తం సార్ మనం?" అని అడిగాను. పెయింట్ డబ్బా మూత తీసి, బ్రష్ ముంచి, ఆరో గూటి అంచున ఎర్రచుక్క పెట్టాను.

పటేల్ కుర్చీలోంచి లేచి ఓనర్ వైపు తిరిగాడు. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది.

"దాన్ని తుడిపియ్యి. పెట్టిన చేతుల్తోనే తుడవాలె, కొంగుతోని. మా నాయిన తుపాకి అది."

ఓనర్ నా వంక చూశాడు. నాన్న కాలు గుర్తొచ్చింది, ఇంటి కిరాయి గుర్తొచ్చింది. తుడిస్తే పోయేదేముంది, చిన్న చుక్క. కానీ నా చెయ్యి కొంగు మీదికి పోలేదు. ట్రే వాపస్ పోయిన ప్రతి మనిషికీ నేను చెప్పే మాటే ఆయనకూ చెప్పాను.

"రిపేర్ చేపిచ్చి తెండ్రి పటేలా. మల్ల కొలుస్త. పాసైతే నేనే తుడుస్త."

ఓనర్ ఆ ఇత్తడి కడ్డీని వేళ్ళ మధ్య దొర్లిస్తూ నిలబడ్డాడు. చివరికి, వద్దులెండి, తీసుకెళ్ళండి అన్నాడు పటేల్‌తో. నన్ను వెళ్ళి పని చూసుకోమన్నాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. నేను గుమ్మం దాకా పోయి ఆగాను. నోరు ఊరుకుంటేగా! పటేల్‌కు తుపాకి వాపస్ పోయింది గాని ఆయన జేబుకు కోత పడలేదని, పోయిన వారం ట్రే వాపస్ పోయిన మనిషికి కూలి కూడా పోయిందని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత నాతో ఏదైనా చెప్పాలంటే చీటీ రాసి పంపేవాడు.

రెండు నెలలకు మావాళ్ళు గేటు దగ్గర బైఠాయించారు. ఓనర్ ఒక్కడే బయటికి వచ్చాడు. ఆ ఏడు ఎన్ని ట్రేలు వాపస్ పోయాయో చెప్పడానికి నన్ను రిజిస్టర్‌తో రమ్మని చీటీ వచ్చింది. వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. కేకలు, తోపులాట. ముందువరసలో ఎవరో ఆయన కాలర్ దాకా వచ్చారు. ఆయన కుడిచెయ్యి చటుక్కున జేబులోకి పోయింది. ఇంకో తుపాకి కొన్నాడేమోనని నలభై మందీ ఒక్కసారిగా ఆగిపోయారు. పెద్ద టర్నర్ ఆయన చెయ్యి చూడలేదు, నన్ను చూశాడు.

చెయ్యి బయటికి వచ్చింది, చేతిరుమాలుతో. ఆయన మొహం తుడుచుకుని, సరే కూర్చుని మాట్లాడుకుందాం అన్నాడు. కోత రూల్ ఆ రోజే పోయింది. ట్రే తప్పితే మళ్ళీ చెయ్యాలి, కూలి మాత్రం పోదు.

సాయంత్రం ఇంటికి నడుస్తుంటే హబ్సిగూడ రోడ్డు మీద నా కాళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఆరో గూడు పేలితే పక్కనున్నోనికి తగుల్తదని చెప్పింది నేనే. గేటు దగ్గర ఆయన కుడిచేతి పక్కన, జానెడు దూరంలో నిలబడిందీ నేనే.