వంటకొచ్చిన ఆయమ్మ

మొన్న మా మనవడి పుట్టినరోజుకు, ఇంట్లో కేకు కోసి పొరుగువాళ్లకు పంచడం కన్నా నలుగురు పిల్లలకు కడుపునిండా పెడితే పుణ్యమైనా వస్తుందని మా కోడలు ముచ్చటపడి, కురబలకోట దారిలో ఉన్న పిల్లల హోముకు భోజనాలు చెప్పింది. గిన్నెలు ఆటోలో ఎక్కించి, మేమంతా కొత్తబట్టలు కట్టుకుని కారులో వెనకాలే వెళ్లాం. గేటు దగ్గర ముప్ఫై ఏళ్లు కూడా నిండని వార్డెనమ్మాయి ఎదురొచ్చి, నవ్వుతూనే మూడు మాటలు చెప్పింది. పిల్లలు వాళ్ల వేళకు వాళ్లే వడ్డించుకుని తింటారట, ఫోటోలు తీయకూడదట, నీకెవరున్నారు, మీ అమ్మానాన్నలు ఏరీ అని ఏ పిల్లనూ అడగకూడదట. ఆ తర్వాత ఒక పుస్తకం తెచ్చి సంతకాలు పెట్టమంది. పేరు, ఊరు, చివర ‘పిల్లలకు ఏమవుతారు’ అని ఒక గడి. నేను కలం పట్టుకుని ఆ గడి దగ్గరే ఆగిపోతే, ఎండలో నిలబడలేక మా కోడలు కలం లాక్కుని ‘దాతలు’ అని రాసేసింది.

తిరిగి వస్తూ దారిపొడుగునా ఆమె గొణుగుతూనే ఉంది, పెట్టేవాళ్లను గేటు దగ్గరే నిలబెడతారా, మనమేమన్నా దొంగలమా అని. నేను నోరు మెదపలేదు. ఇంట్లో నా నోటికి జడిసేవాళ్లే గాని నా మౌనం ఎరిగినవాళ్లు లేరు, అందుకని అత్తకు ఎండదెబ్బ తగిలిందనుకుని మజ్జిగ కలిపి ఇచ్చారు. నాకు తగిలింది ఎండ కాదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందన్న ఆశ నాకు లేదు, అయినా నా వయసువాళ్లు నలుగురు చదువుతారు గనుక చెబుతున్నాను.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డుకు కొంచెం లోపలగా మా మామగారు పెట్టిన అనాథాశ్రమం ఒకటి ఉండేది. ఆయన పోయాక, ఇంట్లో కాస్త చదువుకున్నదాన్ని నేనే కావడంతో దాని బాధ్యత నా నెత్తిన పడింది, ఇరవై ఏళ్లు నేనే నడిపాను. బోర్డు మీద అనాథ అని రాసి ఉండేది గాని లోపలున్న నలభై మందిలో నిజంగా ఎవరూ లేనివాళ్లు నలుగురైదుగురే. తంబళ్లపల్లె వైపు బోర్లు ఎండిపోయి బెంగళూరుకు పనికి పోయినవాళ్ల పిల్లలు, సదుం పల్లెల్లో తండ్రి పోయి తల్లి కూలికి పోయే ఇళ్ల పిల్లలు, ఇలాంటి వాళ్లే ఎక్కువ. కూడు దొరుకుతుంది, బడికి పోతారు అని తెచ్చి వదిలేవాళ్లు, పండక్కో పబ్బానికో వచ్చి చూసిపోయేవాళ్లు. దాంట్లో తప్పేమీ లేదు. అయితే పెట్టడానికి వచ్చేవాళ్లకు మాత్రం అనాథలే కావాలి. తల్లి ఉన్న పిల్లకు పెట్టిన అన్నం పుణ్యంలో సగమే జమ అవుతుందనుకునేవాళ్లో ఏమో.

అందుకని నేనొక పద్ధతి పెట్టాను. ఇంకెవరో పెట్టారని చెప్పుకోవడానికి లేదు, నేనే పెట్టాను. ఎవరైనా దాతలు వచ్చినప్పుడు ఆకులు వేసే ముందు ఒక పిల్ల లేచి ‘రెండు ముక్కలు’ చెప్పాలి. నా పేరు ఇది, మాది ఫలానా ఊరు, నాకు ఎవరూ లేరు, మీరే నా వాళ్లు, అంతే. ఎవరూ లేరు అన్నాక ఒక్క క్షణం ఆగాలని, ఆగినప్పుడు తల కొంచెం వంచాలని, గొంతు వణకకూడదని, వణికితే వెనక వరుసకు వినిపించదని, దగ్గర కూర్చోబెట్టుకుని మరీ నేర్పించాను. అన్నం గిన్నెలు ఎదురుగా ఉండగా పిల్లలు ఆకలితో చూస్తుంటే మేం ఈ తతంగమంతా నడిపేవాళ్లం.

అందరిలోకీ బాగా చెప్పేది కుప్పం పిల్ల. అక్కడ నుంచి వచ్చింది ఒక్కతే గనుక ఆ పేరే నిలిచిపోయింది. పదకొండేళ్లది, ఎడమ బుగ్గ మీద సొట్ట, గంట కొట్టినట్టు గొంతు. తండ్రి పోయాడు. తల్లి కుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి, కట్టడాల దగ్గర ఇసుక మోసేది. రెండు మూడు నెలలకొకసారి ఆదివారం చూసుకుని కుప్పం నుంచి బయలుదేరి, పలమనేరులో ఒక బస్సు, పుంగనూరులో ఒక బస్సు మారి, గుడ్డలో బొరుగుల ఉండలు మూటగట్టుకుని వచ్చేది. తల్లీకూతుళ్లు గోడ పక్కన కూర్చుని జడలు వేసుకుంటూ చెప్పుకునే మాటలకు అంతుండేది కాదు. అదే పిల్ల మరునాడు దాతలొస్తే లేచి నిలబడి నాకు ఎవరూ లేరు అనేది. అది అబద్ధం కాదు, పాటలాగా అప్పజెప్పేదే కదా అని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ ఏడు వానలకు ఆడపిల్లల గది రేకులు కారి, పిల్లలు చాపలు చుట్టుకుని మూలకు చేరేవాళ్లు. ఇద్దరికి జ్వరాలు వచ్చాయి. అప్పుడు పుంగనూరు నుంచి ఒక బియ్యం మిల్లు కుటుంబం, తమ తల్లి సంవత్సరీకానికి మా దగ్గర భోజనాలు పెడతామని, పిల్లల్ని చూసి మనసైతే ఆ గదికి మిద్దె వేయిస్తామని మాటన్నారు. మనసైతే అన్న మాట నా చెవిలో జోరీగలాగా తిరిగింది. వారం ముందు నుంచే కుప్పం పిల్ల చేత రెండు ముక్కలూ నాలుగైదు సార్లు చెప్పించాను.

ఆరోజు శనివారం. పిల్ల ఎప్పటికన్నా బాగా చెప్పింది. ఎవరూ లేరు అని ఆగిన చోట పుంగనూరు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, లేచి వచ్చి పిల్లను పొదువుకుంది. ఇక మిద్దె వచ్చినట్టేనని నేను తల ఎత్తి చూద్దును కదా, కిటికీలో నుంచి గేటు, గేటులో చంకన మూటతో ఆ పిల్ల తల్లి. బెంగళూరులో పని ఆగిపోయి ఒకరోజు ముందే వచ్చేసింది.

నేను పరుగులాంటి నడకతో వెళ్లి, ఆమెను మాట్లాడనివ్వకుండా వెనక వాకిలి గుండా వంటింట్లోకి తీసుకుపోయాను. పెద్దవాళ్లు వచ్చి ఉన్నారు, వాళ్లు పోయేదాకా పాపతో మాట్లాడవద్దు, ఎవరైనా అడిగితే వంటకు వచ్చానని చెప్పు, అంతా పాపకు మంచిదే అన్నాను. ఆమె నా ముఖం కేసి చూసి, “యాలమ్మా, నేనేం తప్పు జేసినాను?” అంది. దాతల దగ్గరికి పోవాలన్న తొందరలో నేను గుమ్మం దాకా వచ్చేశాను. ఆమె మరి అడగలేదు. మూట గట్టు మీద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చుంది.

అక్కడితో గట్టెక్కేవాళ్లమే. వడ్డనలో చేతులు చాలక మా వంటామె చారు బొక్కెన ఈమెకు అందించి పంపింది. వరుసలో కూతురి ముందుకొచ్చి వంగిన ఆమెను, పక్కనే కూర్చున్న పుంగనూరు ఆవిడ ఒకసారి చూసి, పిల్లను ఒకసారి చూసింది. ఇద్దరికీ ఎడమ బుగ్గ మీదే సొట్ట. ఎవరమ్మా ఈవిడ అని పిల్లనే అడిగింది.

మా వైపు అమ్మ అన్న మాటకు కరువు లేదు. కూరగాయలు తెచ్చేదీ అమ్మే, బస్సులో పక్కన కూర్చున్నదీ అమ్మే, మూడేళ్ల బుడ్డదాన్ని కూడా రామ్మా అంటాం. ఎవరో ఏమో తెలియని మనిషిని, కాస్త దూరం పెట్టాల్సిన మనిషిని మాత్రం ఆయమ్మ అంటాం. పిల్ల నా వైపు చూసింది. నేను తల వంచుకున్నాను. “ఆయమ్మా? వంటకొచ్చినాది” అంది పిల్ల. గొంతు వణకలేదు, నేను నేర్పినట్టే. తల్లి గరిటె ఆపకుండా, “అవునమ్మా, వంటకొచ్చినాను” అని నవ్వి, ఆకులో చారు పోసి పక్కాకుకు జరిగింది.

దాతల కారు వెళ్లాక వంటింట్లోకి పోయి చూస్తే ఆమె లేదు. పుంగనూరు బస్సుకు వేళైందని వెళ్లిపోయిందట. గట్టు మీద మూట ఉంది. పిల్ల ఒక్క ఉండ కూడా నోట్లో వేసుకోకుండా అందరికీ పంచి, గుడ్డను మడిచి పెట్టెలో దాచుకుంది. నేనేదో చెప్పబోతే, చెప్పమ్మా అన్నట్టు నిలబడింది గాని కళ్లెత్తలేదు. మిద్దె వచ్చింది. గోడకు ‘మా మాతృమూర్తి జ్ఞాపకార్థం’ అని రాయి కూడా వేయించారు. ఇంకో సంగతి కూడా దాచను. మరుసటి నెల ఇంకొకరు వస్తే ఆ పిల్ల చేతనే మళ్లీ రెండు ముక్కలు చెప్పించాను, చెప్పింది కూడా. తల్లి ఆ తర్వాత నాకు ముందుగా కబురు చేయకుండా ఎప్పుడూ రాలేదు.

ఏళ్లు గడిచాయి, ఆశ్రమం మూతపడింది. కుప్పం పిల్ల నర్సు చదువు చదివి, సొంత ఊళ్లోనే ఉద్యోగం చేసుకుంటూ పెళ్లి చేసుకుందని విన్నాను. నాలుగేళ్ల కింద బంధువుల పెళ్లికి కుప్పం పోయినప్పుడు, ఒక్కమాట క్షమించమని అడుగుదామని వెతుక్కుంటూ వెళ్లాను. ఆటోలో ఆ మాటను పదిసార్లు అనుకున్నాను కూడా. వాకిట్లో పిల్ల, ఇప్పుడు పిల్ల కాదనుకోండి, పక్కింటామెతో మాట్లాడుతూ ఉంది. నన్ను చూడగానే బుగ్గ మీద సొట్ట ఒక్కసారి పడి మాయమైంది, గుర్తుపట్టిందని దాంతోనే తెలిసింది. పక్కింటామె, “ఎవురు పాపా?” అంది. ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం నేను నేర్పిందే. “ఎవురో ఆయమ్మ, దావ అడిగేదానికి వచ్చినాది” అంది.

ఆశ్రమంలో పెరిగానని ఆ వీధిలో ఎవరికీ చెప్పుకోలేదేమో, చెప్పుకోవాలని ఎందుకుంటుంది. నాకు కోపం రాలేదు. అవునమ్మా, దారి అడగడానికే వచ్చాను అని నేనూ నవ్వి తిరుగుముఖం పడదామనుకున్నాను, ఆ నవ్వు నవ్వడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ఇంతలో అరుగు మీద చెనిక్కాయలు ఒలుస్తున్న ముసలామె చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచింది. “దావ అడిగే ఆయమ్మ గాదు పాపా. నిన్ను సాకినమ్మ” అంది కూతురితో. తర్వాత నా చేయి పట్టుకుని, “రామ్మా, కూసో. రోంత సంగటి తినిపో” అంది.

తిన్నాను. తింటూ ఉంటే ఆమె పక్కన కూర్చుని, “పాపోళ్ల గదికి మిద్ది ఏసినారు గదమ్మా, కారలేదు గదా మళ్లీ?” అని అడిగింది. అంటే ఆరోజే ఆమెకు అంతా తెలుసు. ఉల్లిగడ్డలు తరుగుతూ, చారు పోస్తూ, ఆ మిద్దె కోసమే నోరు మూసుకుంది. కారలేదమ్మా అన్నాను. క్షమించమన్న మాట మాత్రం నోరు దాటి రాలేదు, ఆ తల్లి ఇప్పుడు లేదు.

పాతకాలమే బంగారమని మా వయసువాళ్లం మాట్లాడుకుంటాం, నేనూ తక్కువ మాట్లాడలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం కాలం మారి మంచిదైంది, మారడం ఆలస్యమైందనే నా బాధ. మా ఆశ్రమంలోనూ వచ్చిపోయేవాళ్ల పుస్తకం ఉండేది, అట్ట వేసి, గీతలు గీసి నేనే పెట్టాను. దాతల పేర్లు, ఊళ్లు, వాళ్లు రాసిన మంచి మాటలు, అన్నీ ఉన్నాయి. మూడు బస్సులెక్కి వచ్చిన ఆ మనిషి పేరు అన్ని పుస్తకాల్లోనూ ఒక్కచోట లేదు. అలాంటివాళ్ల చేత రాయించాలని నాకు తోచనే లేదు. మొన్న ఆ గేటు దగ్గర పెట్టిన పుస్తకం ఆనాడు నా గుమ్మంలో ఉండుంటే, ఆమె వేలిముద్ర వేసి, చివరి గడి ఎవరి చేతనో రాయించుకునేది. రెండక్షరాలు, అమ్మ అని.