జానెడెక్కువ సారయ్య

రుద్రంగి సారయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఆయన ఏది కొన్నా, ఏది కోయించినా, ఏది కుట్టించినా అందులో జానెడు ఎక్కువ ఉండి తీరాలి. సరిగ్గా సరిపోయే వస్తువును ఆయన జన్మలో కొనలేదు. సరిపోయిందంటే దుకాణపోడు మోసం చేసినట్టే లెక్క.

దీనికి కారణం లేకపోలేదు. మోకాళ్లు మొరాయించేదాకా ముప్పై అయిదేళ్లు తాటిచెట్లు ఎక్కి కల్లు గీసిన మనిషి ఆయన. చెట్టునూ తన నడుమునూ కలిపి కట్టుకునే తాడును మోకు అంటారు. పద్దెనిమిదేళ్ల వయసులో ఒకసారి ఆ మోకును చెట్టు మొదలు దగ్గర సరిగ్గా కొలిచి కట్టుకుని ఎక్కాడు. ఆ చెట్టేమో నడిమిట్లో లావు. అక్కడికి పోయేసరికి మోకు బిగుసుకుపోయింది. పైకి పోలేడు, కిందికి రాలేడు. వాళ్ల నాయన వచ్చి దింపేదాకా చెట్టును కౌగిలించుకునే ఉన్నాడట. ఆ కథ చెప్పి చివర్లో ఎప్పుడూ ఒకే మాట అనేవాడు.

"కింద నిలబడి కొలిస్తె అన్నీ సరిపోతయి. నడుమల చెట్టు లావైతదని నాకేమెరుక?"

కొడుకు నరేశ్‌కు అయిదో తరగతిలో కుట్టించిన నిక్కరు ఎనిమిదో తరగతిలో సరిపోయింది. అప్పటికి బడిలో ప్యాంట్లు వచ్చాయి. పెళ్లయి కోడలు రేణుక అత్తింట్లో కాలు పెట్టిన రోజున మామగారు కొనిచ్చిన చెప్పులు వేసుకుని టపటపమని నడుస్తుంటే, పది ఇళ్ల అవతలి వాళ్లకు కూడా కొత్త కోడలు ఎటు పోతున్నదో తెలిసిపోయేది.

ఇక మంచం సంగతి. నరేశ్ పెళ్లికి టేకు మంచం చేయించాడు సారయ్య, జానెడు పొడుగు పెట్టించి. గదిలో వేశాక తేలిందేమిటంటే, తలుపు సగం దాకా వచ్చి మంచానికి కొట్టుకుని ఆగిపోతుంది. వడ్రంగి సురేందర్‌ను పిలిచి ఆ జానెడు కోయిస్తానన్నాడు నరేశ్.

"కోయిస్తె కాళ్లెక్కడ పెడతవురా?" అన్నాడు సారయ్య.

నరేశ్ అయిదడుగుల మూడంగుళాల మనిషి. ఇప్పటికీ ఆ మంచం మీద కాళ్లు బార్లా చాపుకుంటే ఇంకా రెండు చెంబులు పెట్టుకునేంత జాగా మిగులుతుంది. కొత్త పెళ్లికొడుకు తలుపుకు పరదా కట్టుకున్నాడు. నాలుగో నెలలో మస్కట్ వెళ్లిపోయాడు. తలుపు గురించి కాదు, వీసా వచ్చిందనే వెళ్లాడు. అయినా ఊరు ఊరే కదా, అనేది అంటుంది.

రేణుకది ముస్తాబాద్. పుట్టింట్లో మిషను కుట్టడం నేర్చుకుంది. సిరిసిల్ల దగ్గరి బట్టల ఫ్యాక్టరీలో పని దొరికినప్పుడు ఆమెకు పండగే అయింది. మొదటి రోజున చేతికి మూల మీద ఫ్యాక్టరీ నంబరు వేసిన నీలం రంగు తలగుడ్డ ఇచ్చారు. మూడు రోజులు ఆ గుడ్డ కట్టుకుని, తనకంటూ ఒక మిషను, ఒక కుర్చీ ఉంటే ఎలా ఉంటుందో చూసింది. నాలుగో రోజున పోలేదు.

"ఏమైంది?" అని అత్త శాంత అడిగితే, "ఆ మిషన్ల సప్పుడుకు తలకాయ నొస్తుంది అత్తమ్మా" అని చెప్పింది.

అది అబద్ధం. ఫ్యాక్టరీ బస్సు పొద్దున ఆరున్నరకు చౌరస్తాలో ఆగుతుంది. ఇంటికీ చౌరస్తాకూ నడుమ హన్మండ్లు చికెన్ సెంటర్ ఉంది. అది తెరిచేదాకా ఏడెనిమిది ఊరకుక్కలు దాని ముందు డ్యూటీ చేస్తుంటాయి. రేణుకను ఏడేళ్ల వయసులో కుక్క కరిచింది. ఆ పళ్ల గుర్తు ఇంకా పిక్క మీద ఉంది. నాలుగో రోజున ఒక కుక్క వెంటపడి చున్నీ కొస పట్టుకుంటే, సగం దారిలోంచి వెనక్కి ఉరికి వచ్చింది. ఇరవై ఆరేళ్ల మనిషి కుక్కలకు భయపడి నౌకరీ ఇడిచిందని ఎవరితో చెప్పుకుంటుంది? తలగుడ్డను పెట్టె కింద దాచేసింది. కొన్నాళ్లకు చూస్తే అదీ లేదు. అత్త దాంతో పొయ్యి గట్టు తుడిచి ఉంటుందనుకుని ఊరుకుంది.

సూపర్‌వైజర్ సంధ్యారాణి మాత్రం ఫోను చేసింది. "నీ చెయ్యి మంచిగున్నది రేణుకా. ఎండకాలం పోయినంక కొత్త బ్యాచి తీసుకుంటం. అప్పుడన్న రా. మూడోసారి పిలువ." ఆ మాట రేణుక మనసులో ముల్లులా ఉండిపోయింది. వెళ్లాలని ఉంది. దారిలో కుక్కలున్నాయి.

సరిగ్గా అప్పుడు ఆ ఇంటికి కుక్క వచ్చింది.

చెట్లు ఎక్కడం మానేశాక సారయ్య చౌరస్తాలో నీళ్ల ప్లాంటు చూసుకుంటున్నాడు. దానికి ఏదో వాల్వు కావాలని జగిత్యాల పోయి, వాల్వు మరిచిపోయి, సంచిలో కుక్కపిల్లను పెట్టుకుని బస్సు దిగాడు.

శాంత సంచిలోకి తొంగి చూసింది. "ఏంది గిది?"

"కుక్కపిల్ల."

"మరి గీ కాళ్లెవలియి?"

నిజమే. పిల్ల రెండు నెలలది, కాళ్లు మాత్రం పెద్ద కుక్కలవి. సారయ్య తల గోక్కున్నాడు. "ఎంత పెరిగేది కావాలె అని అడిగిండు. ఊరకుక్క కంటె జానెడెక్కువ అన్న. గ్రేట్ డేన్ అని గిది ఇచ్చిండు. జాన అడిగితె మూర ఇచ్చినట్టున్నడు."

రేణుక అప్పటికే మంచం ఎక్కి నిలబడింది. తలుపేసుకుందామంటే తలుపు పడదు. పిల్ల పరదా కింద నుంచి దూరి వచ్చి, మంచం ఎక్కువున్న ఆ జానెడు కింద చల్లగా ఉందని అక్కడే పడుకుంది. ఆ పూట రేణుక మంచం దిగలేదు. అన్నం కూడా పైనే తిన్నది. మామ మీద అంత కోపం ఆమెకు ఎప్పుడూ రాలేదు.

పిల్లకు బుడ్డోడు అని పేరు పెట్టింది శాంత. అప్పటికి ఆ పేరు తప్పేమీ కాదు.

మర్నాటి నుంచి సారయ్యకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. "బిడ్డా, నేను వంగలేను గని, గీ పాలగిన్నె జెర దాని దిక్కు జరుపు" అనేవాడు. రేణుక మంచం మీద నుంచే చీపురు కట్టతో జరిపేది. వారానికి, "చీపురుతోని జరిపితె పాలు ఒలుకుతున్నయి బిడ్డా" అన్నాడు. కాలితో జరిపింది. ఇంకో పది రోజులకు, "గిన్నె నాకి నాకి అదే నీ కాడికస్తుంది, నువ్వు ఊకెనే పట్టుకో" అన్నాడు. ఇంత బద్ధకం మనిషిని ఎక్కడా చూడలేదనుకుంది రేణుక. నీళ్ల ప్లాంటు ట్యాంకు నిచ్చెన మాత్రం ఆయన రోజుకు నాలుగుసార్లు ఎక్కేవాడు. ఆ ముక్క ఆమెకు అప్పుడు తట్టలేదు.

బుడ్డోడు పెరిగాడు. పెరగడమంటే మామూలు పెరగడం కాదు. పొద్దున చూసినవాడు సాయంత్రం ఇంకో కుక్క అనుకునేవాడు. నాలుగో నెలలో సూది మందుకు కోరుట్ల తీసుకుపోతే, ఆటోవాడు మనుషులను దించి దాన్ని ఎక్కించుకున్నాడు. పశువుల డాక్టరు పళ్లు చూసి, "ఇంకా పసిదే" అన్నాడు.

శాంత ముందుకు జరిగింది. "ఇంకెంత పెరుగుతది సార్?"

డాక్టరు వేళ్లు చాపి చూపించాడు. "ఇంకో జానెడన్న పెరుగుతది."

సారయ్య ముఖం వెలిగిపోయింది. చదువుకున్నవాళ్లలో తన మాట ఒప్పుకున్నది ఆ డాక్టరొక్కడే.

ఎండాకాలంలో కూలరు ముందు బుడ్డోడు పడుకునేవాడు, బుడ్డోడి వెనక ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్లు. నరేశ్ మస్కట్ నుంచి వీడియో కాల్ చేసి, "మన ఇంట్ల గా దూడ ఎవలదే?" అని అడిగాడు.

"నీ తమ్ముడు," అంది శాంత.

దాన్ని తిప్పడానికి సారయ్య ఒక పని చేశాడు. చెట్లు మానేసినా గోడకు తగిలించి, ఎవరినీ ముట్టనివ్వకుండా కాపాడుకున్న తన మోకును దించి, దాన్ని బుడ్డోడి మెడ పట్టెడకు కట్టే తాడుగా మార్చాడు. తాడు అవసరమైన దానికంటే పొడుగే అని వేరే చెప్పక్కర్లేదు కదా. ఆ మిగులు కొసను అలవాటుగా నడుముకు చుట్టి బొడ్లో దోపుకునేవాడు. దాంతో ఆయన కుక్కను తిప్పడం పోయి, కుక్క ఆయనను తిప్పడం మొదలైంది. రోజూ పొద్దున చికెన్ సెంటర్ ముందు నుంచి బుడ్డోడు ముందు, సారయ్య వెనక, ఇద్దరూ ఉరుకుతూ పోయేవాళ్లు.

"సారన్నా, ఎటు పోతున్నవే?" అని అడిగేవాడు హన్మండ్లు.

"బుడ్డోన్ని అడుగు," అనేవాడు సారయ్య.

ఈ ఉరుకులాటలో రేణుకకు తెలియకుండానే ఏదో జరిగింది. ఏ రోజున మంచం దిగిందో, ఏ రోజున చేత్తో అన్నం పెట్టిందో, ఏ రోజున బుడ్డోడు తల తెచ్చి ఒళ్లో పెడితే కాళ్లు తిమ్మిరెక్కేదాకా కదలకుండా కూర్చుందో ఆమెకే గుర్తు లేదు. కానీ బుడ్డోడు వేరు, బయటి కుక్కలు వేరు. చౌరస్తా దిక్కు ఆమె మళ్లీ ఒంటరిగా పోలేదు.

వానలు మొదలయ్యాక సంధ్యారాణి ఫోను వచ్చింది. "సోమవారం నుంచి కొత్త బ్యాచి. వస్తవా రావా?"

సారయ్య పక్కనే చాయ్ తాగుతూ ఇంటి కప్పుకు ఎన్ని వాసాలున్నాయో లెక్కపెడుతున్నాడు. ఆ ఇంటిది స్లాబు.

"వస్త మేడం," అంది రేణుక.

సోమవారం పొద్దున ఆమె టిఫిన్ డబ్బా సర్దుకుని బయటికి వచ్చేసరికి సారయ్య మోకాలు పట్టుకుని అరుగు మీద కూలబడి ఉన్నాడు.

"ఇయ్యాల కాళ్లు లేస్తనే లేవు బిడ్డా. నువ్వెట్లన్న చౌరస్తాకే పోతున్నవు గద, బుడ్డోన్ని నీళ్ల ప్లాంటు కాడ కట్టేసిపో."

"నాతోని ఆగుతదా మామా?"

"ఆగుతది. తాడు కొసకు పట్టుకో."

శాంత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

రేణుక తాడు అందుకుంది. ఇన్నాళ్లూ మామ బొడ్లో దోపుకున్న ఆ కొసను మొదటిసారి విప్పి చూసింది. చివర ఒక ఉచ్చు ఉంది. మోకు మోటుతాడు, చెయ్యి ఒరుసుకుపోతుంది. అందుకని ఉచ్చు చుట్టూ గుడ్డ చుట్టి, దారంతో గట్టిగా కుట్టి ఉంది. ఆ గుడ్డ నీలం రంగుది. మూల మీద ఫ్యాక్టరీ నంబరు సగం కనబడుతున్నది.

ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ రోజు తను వెనక్కి ఉరికింది చికెన్ సెంటర్ దగ్గరి నుంచి. నీళ్ల ట్యాంకు ఎక్కితే ఆ దారంతా కనబడుతుంది. అంటే ఈయనకు మొదటి నుంచీ తెలుసు. ఊరకుక్క కంటే జానెడెక్కువ అడిగింది అందుకు. పెద్దదాన్ని తెస్తే తను హడలిపోతుందని పిల్లప్పుడే తెచ్చాడు. పాలగిన్నె, చీపురు, వంగని మోకాళ్లు, అన్నీ ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. రేణుకకు సిగ్గు, కోపం, నవ్వు మూడూ ఒకేసారి వచ్చాయి. వెనక్కి తిరిగి చూస్తే సారయ్య మోకాలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

ఉచ్చులో చెయ్యి పెట్టింది. ఉచ్చు గాజుల కిందికి వచ్చి సరిగ్గా కూర్చుంది.

చికెన్ సెంటర్ దగ్గర కుక్కలు లేచాయి. ఒకటి మొరిగింది, అన్నీ అందుకున్నాయి. దూడంత బుడ్డోడు వాటిని ఒక్కసారి చూసి, తోక కాళ్ల సందున పెట్టుకుని, గబగబా వచ్చి రేణుక వెనక దాక్కున్నాడు. రోజూ ఈ దారిలో వాడెందుకు అంత ఉరుకు ఉరికేవాడో అప్పుడు తెలిసింది.

వాడి వణుకు తాడులో నుంచి ఆమె చేతికి తెలిసింది. ఆ వణుకు ఆమెకు కొత్తది కాదు. ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఏయ్, జరుగుండ్రి," అని కాలు నేలకేసి కొట్టింది. "పసిపోరడు భయపడుతుండు, కనబడుత లేదా?"

కుక్కలు ఆగాయి. పసిపోరణ్ని ఎగాదిగా చూశాయి. ఆమె ఇంకో అడుగు ముందుకు వేసేసరికి ఒక్కొక్కటే పక్కకు జరిగి దారి ఇచ్చాయి.

హన్మండ్లు షటరు సగం ఎత్తి అట్లాగే నిలబడ్డాడు. "రేణుకా, గా కుక్క నీకు కావలి ఉన్నదా, నువ్వు దానికి కావలి ఉన్నవా?"

"అదే ఇద్దరం సూస్తున్నమే," అంది రేణుక నడుస్తూనే.

నీళ్ల ప్లాంటు దగ్గరికి వచ్చేసరికి ట్యాంకు నిచ్చెన మీద, నడిమి మెట్టున, సారయ్య ఉన్నాడు. పెద్ద సందులో నుంచి మోపెడ్ వేసుకుని ఆమె కంటే ముందే వచ్చినట్టున్నాడు. ఆమెను చూసి టపటపా దిగి వచ్చి తాడు అందుకున్నాడు.

"మామా, మోకాళ్లు?"

అప్పుడు గుర్తొచ్చి కుంటడం మొదలుపెట్టాడు. కంగారులో అటు కాలు కుంటాల్సింది ఇటు కాలు కుంటాడు.

"గీ ఉచ్చుకు జానెడెక్కువ పెట్టలేదేంది మామా?" అని అడిగింది రేణుక. "నా చేతికి సరిపోనే ఉన్నది."

సారయ్య బుడ్డోడి చెవులు సవరించాడు. "తాడు ఎంతన్న ఉండనీ బిడ్డా. పట్టుకునే కాడ మాత్రం సరిపోను ఉండాలె. ఆడ వదులుంటె మనిషి పడతడు." తర్వాత తాడు కొసను నడుముకు చుట్టుకున్నాడు. "నీ పగిలిన గాజు పెట్టి కొలిచిన. మీ అత్తకు చెప్పకు, సరిపోయేది చేసిన్నని నవ్వుతది."

బస్సు వచ్చింది. రేణుక ఎక్కి కిటికీలో నుంచి చూస్తే, బుడ్డోడు అప్పుడే ఇంటి దిక్కు బయలుదేరాడు, వెనక సారయ్య. కుంటడం లేదు, ఉరుకుతున్నాడు.

ఫ్యాక్టరీలో సంధ్యారాణి కొత్తవాళ్లకు ఏప్రాన్లు పంచుతున్నది. రేణుక దగ్గరికి వచ్చి, "పోయినసారి ఇచ్చిన తలగుడ్డ ఏదమ్మా?" అని అడిగింది.

"పనిల ఉన్నది మేడం."

సంధ్యారాణికి అర్థం కాలేదు. కొత్త గుడ్డ ఒకటి తీసి ఇస్తూ, "ఏప్రాన్ ఏ సైజు?" అంది.

రేణుక మీడియం అనబోయి ఆగింది.

"ఒక సైజు పెద్దది ఇయ్యుండ్రి," అంది.