మసిగాజు

మా ఊరి దొర ఏదీ ముందుగా తను ముట్టుకునేవాడు కాదు. తొర్రూరు నుంచి తెప్పించిన గుర్రమైనా, కుండలో కల్లయినా, గడీలో వెట్టి చేసే మా పెద్దబాపును పిలిచి, మీసం దువ్వుకుంటూ "జర నువ్వు సూసి చెప్పురా" అనేవాడు.

సూర్యగ్రహణం నాడు దొర పగిలిన కందిలి గాజుకు దీపం మసి పట్టించాడు. మసి సరిపోయిందో లేదోనని ఆ గాజును పెద్దబాపు చేతికిచ్చాడు.

"గ్రహణం ఇడిసేదాంక సూడు. కన్ను తిప్పినవో, తోలు తీస్త."

మసి సరిపోలేదు, పలచగా ఉంది. దొర, దొరసాని పసుపునీళ్ల పళ్లెంలో గ్రహణం నీడ చూసుకుని స్నానాలకు లేచారు. పెద్దబాపుకు చూపు పోయింది. వెట్టి మాత్రం పోలేదు. గడీలో వడ్ల కొట్టు పక్కనే తిరగలి తిప్పడానికి కూర్చోబెట్టారు.

సంఘం వచ్చాక, మేము కర్రలతో గడీలోకి చొరబడిన రోజున దొర వడ్ల కొట్టులో దూరి గడియ పెట్టుకున్నాడు. మేము ఊపిరి బిగబట్టి తలుపు ముందే నిలబడ్డాం. లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఒరే, పోయిన్రా? జర నువ్వు సూసి చెప్పురా."

పెద్దబాపు తిరగలి ఆపి, మా వైపు ముఖం తిప్పాడు.

"నీ బాంచెన్ దొరా, నాకెవ్వలు కనవడ్తలేరు. బయటికి రా."

లోపల గడియ తీసిన చప్పుడైంది.