అమ్మ తొడుక్కున్న నాయిన అంగీ

మా చిన్నప్పుడు... "అటుక మీది సందుగ దించుండ్రి" అని అమ్మ అన్నదంటే చలికాలం వచ్చేసినట్టే!

నాయిన ఒక పక్క, అన్న ఒక పక్క పట్టుకుని ఆ ఇనుప సందుగ దించేవాళ్లు. మూత తీయగానే డాంబర్ గోలీల వాసన, ఎండిన వేపాకు వాసన కలిసి గుప్పుమనేది. నేను తలకాయ మొత్తం లోపలికి పెట్టేదాన్ని... అమ్మ జడ పట్టుకుని బయటకు గుంజేది.

వాకిట్లో నులక మంచం మీద ఒక్కొక్కటే పరిచి ఎండకు వేసేది. అన్న స్వెటర్ నా భుజాలకు ఆనించి ఒక్క చూపు చూసేది... టేపు గీపు ఏమీ లేదు. "ఈ ఏడు నీకే. చేతులు జర మడుసుకో." అంతే, తీర్పు అయిపోయింది. అప్పీలు లేదు!

పలచటి గౌన్లు, బనీన్లు మడతపెట్టి, మధ్యమధ్యలో వేపాకు వేసి అదే సందుగలో సర్దేది. ఏ మడత కింద ఏముందో ఆరు నెలల తర్వాత అడిగినా చెప్పేది. నాకైతే నిన్న పెట్టిన చున్నీ ఇవాళ దొరకదు.

అన్నిటికన్నా అడుగున నాయిన పాత అంగీ ఒకటి ఉండేది. ఆకుపచ్చ గళ్లది, కాలరు అరిగిపోయింది. అది అమ్మ వంతు. చీర మీద అది తొడుక్కుని పొద్దున్నే పత్తి చేనుకు పోయేది.

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడు పత్తి ఏరుడు ఒడవక, సందుగ దించడమే ఆలస్యమైంది. అప్పటికే చలి చంపుతోంది. ఊళ్లల్లో ఎక్కడ చూసినా తెలంగాణ ఉద్యమం... బందులు, ర్యాలీలు. సందుగ దించిన మరునాడే మా కొడకండ్ల రోడ్డు మీద వంటావార్పు. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి, బండ్లు ఆపి, అందరూ అక్కడే వండుకుని తినడమన్నమాట. పప్పు వండే పని అమ్మకు పడింది. మా బడి పిల్లలం కూడా అక్కడికే పోవాలి.

అమ్మ ఆ అంగీలో వస్తే... క్లాసు మొత్తం చూస్తుంది!

"అమ్మా... రేపు గా అంగీ ఏసుకొని రాకే. మా క్లాసోళ్లు నవ్వుతరు."

అమ్మ మడత ఆపి నన్ను చూసింది. "గట్లనా బిడ్డా" అని, ఆ అంగీని మళ్లీ సందుగలోనే పెట్టేసింది. గెలిచాననుకున్నాను, పిచ్చిదాన్ని.

తెల్లారి పొగమంచులో లైను కట్టి, నినాదాలు ఇచ్చుకుంటూ రోడ్డు మీదికి పోయినం. పొయ్యిల చుట్టూ ఆడవాళ్లు... మా పక్కింటి లచ్చవ్వ ఒంటి మీద వాళ్లాయన ఖాకీ అంగీ. ఇంకొకామె కొడుకు కాలేజీ అంగీ తొడిగింది, జేబు మీద సిరా మరకతో సహా. ఆఖరికి మా లెక్కల సారు భార్య కూడా సారు చొక్కాలోనే ఉంది... రోజూ బోర్డు దగ్గర మేం చూసే చొక్కా! ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఏముంది?

వాళ్లందరి మధ్య ఉత్త చీరతో ఉన్నది మా అమ్మ ఒక్కతే. ఒక చేత్తో పప్పు కలుపుతూ, ఇంకో చేయి కొంగులో ముడుచుకుని వణుకుతోంది.

"ఏందే, చలి పెడ్తలేదా? అంగీ ఏది?" లచ్చవ్వ అడిగింది.

"పొయ్యికాడ ఉడుకపోస్తదని ఇంట్లనే ఇడిసొచ్చిన అక్కా."

నేను నాలుగడుగుల దూరంలోనే ఉన్నాను. నా వైపు చూడను కూడా చూడలేదు. నా పరువు కోసం అబద్ధమాడింది... ఆ చలిలో! సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి ఉరికి, సందుగలో చేయి పెట్టి, దొరికిందల్లా పీకి పారేసి అంగీ పట్టుకొచ్చాను. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని తొడుక్కుంది. గుండీలు పెట్టుకుంటూ, "సందుగంత ఆగం జేసినవ్ గదా?" అంది. నవ్వుతూనే! తర్వాత నా చేతిలో ఇస్తరాకుల కట్ట పెట్టింది. "పో, నీ దోస్తులు ఆకలితోని ఉన్నరు."

అమ్మ మనసు అంత పెద్దదని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఏండ్లు గడిచినయి, రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో స్వెటర్లే ఒక అర నిండా ఉన్నాయి. ఎవరివి వాళ్లకే... ఒకరిది ఇంకొకరు తొడుక్కునేది లేదు. మొన్న అమ్మ దగ్గర ఆ రోజు ముచ్చట ఎత్తాను, ఇన్నేండ్లకు.

"నాకు యాదికి లేదు బిడ్డా" అంది.

నమ్మలేదు నేను.

మన చిన్నప్పటి స్వెటర్ ఏ రంగుదో మనందరికీ గుర్తే... మీ అమ్మ చలికి ఏం తొడుక్కునేదో గుర్తుందా? ఉంటే కింద రాయండి. లేకపోతే... ఒకసారి ఫోన్ చేసి అడగండి.