బండ వెనక గుడ్డు పెంకులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాలుగు కోళ్లుండేవి. గోపన్‌పల్లి అప్పటికి ఇంకా ఊరే. ఇప్పుడు అపార్టుమెంట్లు లేచిన చోటంతా పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య జొన్న చేలు. నాయన కంకర కొట్టే పనికి పోయేవాడు. అమ్మ గుడ్లు అమ్మేది కానీ, నేను మరీ బక్కగా ఉన్నానని రోజుకొకటి ఉడకబెట్టి నాకు పెట్టేది. ఇంట్లో ఇంకెవరికీ ఆ భాగ్యం లేదు.

మా ఇంటికీ పక్కింటి అక్క ఇంటికీ మధ్య ఏనుగంత బండ ఒకటి ఉండేది. దాన్ని చుట్టి పోవాలి. అక్కకు అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఆ ఏడు మళ్లీ కడుపుతో ఉంది. ఒంట్లో రక్తం లేదని, గుడ్డూ పాలూ తీసుకోకపోతే ఈ బిడ్డ కూడా దక్కదని దవాఖానలో చెప్పారట. వాళ్లకు కోళ్లూ లేవు, బర్రే లేదు. ఆమె భర్త కూడా మా నాయనతో పాటే రాళ్ల పనికి వెళ్లేవాడు.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల కాలం మొదలైన వారం, మాకు సండే స్కూలు చెప్పే పాస్టరమ్మ పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టి, యేసుప్రభువు కోసం ఈ నలభై రోజులు ఎవరు ఏం మానుకుంటారో చెప్పమంది. ఒక పిల్ల బెల్లం మానేస్తానంది. ఇంకో పిల్ల రేగుపళ్లు అంది. నా వంతు వచ్చేసరికి వాళ్లందరికంటే పెద్దది చెప్పాలనిపించింది. నా గుడ్డు రోజూ పక్కింటి అక్కకు ఇచ్చేస్తానన్నాను. పాస్టరమ్మ నా నెత్తిమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. ఆ చెయ్యి బరువు నాకెంత నచ్చిందో ఇప్పటికీ చెప్పగలను. అక్క బిడ్డ సంగతి మాత్రం ఆ క్షణాన నా తలపులో లేదు.

నాలుగు రోజులు నిజంగానే ఇచ్చాను. అక్క గడపలో కూర్చుని, గుడ్డును కాసేపు అరచేతుల్లో పట్టుకుని, ప్రార్థన చేసుకుని తినేది. ఐదో రోజు పొద్దున ఇంట్లో గంజి తప్ప ఏమీ లేదు. చేతిలో గుడ్డు వెచ్చగా ఉంది. బండ వెనక ఆగి తినేశాను. ఇవాళ ఒక్కరోజే అనుకున్నాను. మర్నాడు అలా అనుకోవలసిన అవసరం కూడా రాలేదు. ఖాళీ గిన్నెతో తిరిగొస్తే అమ్మ "అక్క తిన్నదా బిడ్డా?" అని అడిగేది. తిన్నదని చెప్పేదాన్ని. అలా వారం పైనే గడిచింది.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన మధ్యలో పాస్టరమ్మ నన్ను లేచి నిలబడమంది. ఇంత చిన్నపిల్ల తన నోటి ముద్దను వదులుకుందని అందరికీ చెప్పింది. మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతటితో ఆగితే బాగుండేది. ఆడవాళ్ల చాప మీద కూర్చున్న అక్క వైపు తిరిగి, నువ్వు కూడా సాక్ష్యం చెప్పమ్మా అంది.

అక్క ఒక చెయ్యి నేలకు ఆనించి మెల్లగా లేచింది. ఇప్పుడు చెప్పేస్తుంది, అమ్మ వింటుంది, అయిపోయింది అనుకున్నాను. అక్క నన్ను ఒకసారి చూసింది. "పిల్ల తెచ్చిన గుడ్డు తిన్ననాడు నా కడుపుల బిడ్డ కదిలిందమ్మా" అని మళ్లీ కూర్చుంది. అందరూ స్తోత్రం అన్నారు. ఆమె అబద్ధం ఆడలేదు. తెచ్చిన రోజుల గురించి చెప్పింది, తేని రోజుల గురించి ఒక్క మాట అనలేదు. ఆ సంగతి ఆ చర్చిలో ఆమెకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ స్తోత్రాల మధ్య తలెత్తడానికి నాకు చోటు దొరకలేదు.

మర్నాడు గుడ్డు తీసుకుని నేరుగా వెళ్లాను. ఇచ్చేసి వెనక్కి తిరగబోతే "కూసో" అంది. పెంకు ఒలిచి, గూట్లోంచి దారం తీసి, ఒక కొస పళ్లతో పట్టుకుని, గుడ్డును రెండుగా కోసింది. పెద్ద సగం నా చేతిలో పెట్టింది.

"వద్దక్కా, నీకే" అన్నాను.

"పెరిగే పిల్లవు, ఆకలైతది. నాకెరుక లేదా? నువ్వు తింటెనే నేను తింట."

నేను కదలకుండా కూర్చుంటే గొంతు తగ్గించి చెప్పింది. "బండెన్క పెంకులు నేను ఊడ్చేసిన. మీ అమ్మ జూస్తే కొడ్తదని. ఇగ ఫికర్ జెయ్యకు, తిను."

అప్పటికి ఆమెకు ఏడో నెల. వంగితే కళ్లు తిరుగుతాయని నీళ్ల బిందె కూడా ఎత్తేది కాదు. అలాంటి మనిషి బండ వెనకకు పోయి, వంగి నా పెంకులు ఊడ్చింది. నేను తింటే తప్ప ఆమె తినదు కాబట్టి ఆ సగం మింగాను.

మరో రోజు గడపలో గుడ్డు పెట్టేసి, చెప్పకుండా పరుగెత్తుకొచ్చాను. కాసేపటికి ఆ ఎండలో బండను పట్టుకుని పట్టుకుని నడుస్తూ, ఆయాసపడుతూ వచ్చి నా సగం నాకిచ్చి వెళ్లింది. మళ్లీ ఆ పని చేయలేదు. ఈస్టర్ దాకా రోజూ ఆమె ఎదురుగా కూర్చుని, ఆమె బిడ్డకు చేరాల్సింది తింటూ వచ్చాను. అమ్మకు నిజం చెప్పి ఇంకో గుడ్డు అడిగితే ఇచ్చేదేమో. అడగలేదు. నాకొచ్చిన మంచిపేరు పోతుందని భయం.

ఎండాకాలం చివర్లో అక్కకు ఆడపిల్ల పుట్టింది. పిడికెడంతే ఉంది కానీ నిలిచింది. పాస్టరమ్మ ఆ బిడ్డను నా ఒళ్లో పెట్టి, నీ త్యాగఫలం అంది. అప్పుడు కూడా నోరు తెరవలేదు.

అక్క ఐదేళ్ల కింద ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె కూతురికి ఇప్పుడు తల నెరిసింది. నిలబడితే నా భుజం దాటదు. అందుకు కారణం నేను కాదని, డాక్టరు చదివిన నా మనవరాలు నవ్వుతుంది. ఆ పిల్ల నవ్వినా నా మనసు ఒప్పుకోదు.

మా చర్చి ఇప్పుడు రెండు టవర్ల మధ్య ఇరుక్కుని ఉంది. ఆదివారాలు ఐటీ ఆఫీసుల వాళ్లతో నిండిపోతుంది. ఈ శ్రమల కాలంలో కోస్తా నుంచి వచ్చిన ఒకబ్బాయి మైకు పట్టుకుని, తను కాఫీ మానేశానని చెప్పి, "మీరేం మానేశారండి అమ్మగారూ?" అని నన్నడిగాడు. ఏమీ లేదు నాయనా అన్నాను. బయటికొచ్చాక అక్క కూతుర్ని మెట్ల మీద కూర్చోబెట్టుకుని మొత్తం చెప్పేశాను.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "గదేంది చిన్నమ్మా, అమ్మ నాకు గట్ల చెప్పలే. ఒక్కదాన్నే తినబుద్ధి గాకుండె, ఆ పిల్ల దినాం వచ్చి తోడు కూసుండేది, అందుకే రెండు ముద్దలు లోపలికి పోయినయి అనేది. నువ్వు లేకుంటే నేనే లేనని చెప్పేది."

అంటే సొంత కూతురికి కూడా చెప్పుకోలేదు. నా తప్పును దాచింది, తన త్యాగాన్ని కూడా దానితోపాటే దాచింది.

నేను ఇప్పటికీ శుక్రవారం ఉపవాసముంటాను. కోడలు "అత్తమ్మా, తినలేదా?" అని అడగకపోతే, సాయంత్రంలోగా ఏదో ఒక వంకతో ఉపవాసమన్న మాట నేనే బయటపెడతాను. పెట్టాక మొహం వేడెక్కుతుంది. ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడల్లా అక్క గుర్తొస్తుంది. కొన్నిసార్లు ఆగుతాను. చాలాసార్లు ఆగలేను.