పాల్ గారి పారే నీళ్లు

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో బోగీలకు రంగులేసే పాల్ ఒక్కదానికి తప్ప లోకంలో దేనికీ భయపడడు. నిచ్చెన చివర నిలబడి రంగేస్తాడు, పై అధికారిని ముఖం మీదే కడిగేస్తాడు. భయమల్లా నీళ్లంటేనే. చిన్నప్పుడు చిలకలగూడ ఇంట్లో మూత తీసి ఉన్న నీళ్ల సంపులో పడ్డాడు. వాళ్లమ్మ జుట్టు పట్టుకుని పైకి లాగింది. అప్పటి నుంచి మెడ దాకా వచ్చే నీళ్లు ఎక్కడ కనిపించినా ఆయన కాళ్లు వాటంతటవే వెనక్కి నడుస్తాయి.

ఇది ఎవరికైనా చెప్పుకుంటే పోయేది. చెప్పలేదు. నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘానికి చెందిన మేబెల్‌ను చేసుకునేటప్పుడు, పెళ్లయిన వెంటనే తానూ తీసుకుంటానని ఘనంగా మాటిచ్చాడు. తీరా వెళ్లి చూస్తే చర్చి వెనక బాప్తిస్మపు తొట్టి అచ్చం ఆ సంపులాగే ఉంది. పాల్ కాళ్లు వెనక్కి నడిచాయి.

"తొట్ల నిల్వనీళ్లు నాకొద్దు. యేసయ్య నదిల తీసుకున్నడు. నేను సుత పారే నీళ్లల్లనే తీసుకుంట," అనేశాడు.

ఎంత భక్తి అని సంఘమంతా మురిసిపోయింది. హుస్సేన్ సాగర్ పారదు, మురుగు పారే మూసీలో దిగమని ఎవరూ అనరు. సికింద్రాబాదులో ఇక పారే నీళ్లెక్కడివి? పాల్ హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

హాయి ఆయనకు, తిప్పలు మేబెల్‌కు. బాప్తిస్మం లేనివాళ్లకు ప్రభు సంస్కారపు రొట్టె ఇవ్వరు. నెల మొదటి ఆదివారం రొట్టె పళ్లెం తమ వరస దగ్గరికి వచ్చే వేళకు, బయట స్కూటర్లు అడ్డంగా ఉన్నాయని పాల్‌కు ఠంచనుగా గుర్తొస్తుంది. ఏళ్ల తరబడి ఆయన వాటిని సర్దుతూ నిలబడితే, కొత్తగా వచ్చినవాళ్లు వాచ్‌మన్ అనుకుని తాళాలు చేతికిచ్చేవాళ్లు. ఆయన తీసుకునేవాడు కూడా. లోపల మేబెల్ పక్కన ఖాళీ చోటు పెట్టుకుని తలొంచుకునేది. సండే స్కూల్లో పిల్లలకు బాప్తిస్మం గురించి పాఠం చెప్పేది ఆవిడే మరి.

ఒకరోజు టీ ఇస్తూ ఆవిడ నెమ్మదిగా అడిగింది. "చచ్చేలోపల ఒక్కసారన్న నా పక్కన కూసోని రొట్టె తీసుకుంటరా మీరు?"

పాల్‌కు తీసుకోవాలనే ఉంది. ఆ ఖాళీ చోటు తలచుకుంటే ఆయనకూ సిగ్గుగానే ఉండేది. కానీ నోటికి అలవాటైన మాటే వచ్చింది, పారే నీళ్లు దొరకాలి కదా అని.

దొరికాయి. వర్క్‌షాపు వెనక వీధిలో ఉండే వలీకి నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ జీపుంది. వానాకాలంలో జనాన్ని అడవుల్లోని జలపాతాలకు తిప్పడం అతని పని. మామూలు బండ్లు పోలేని చోట, ఆదిలాబాద్ వైపు అడవిలో, పేరైనా లేని ఒక జలపాతం ఉందని, దాని కింద మడుగులో నీళ్లు పారుతూనే ఉంటాయని అతను మేబెల్‌తో చెప్పాడు. పాస్టర్ అబ్రహాం గారు వెంటనే సరేనన్నారు. శనివారం తెల్లవారకముందే నలుగురూ బయలుదేరారు. పాస్టర్ గారి ఒళ్లో తెల్ల అంగీ, మేబెల్ ఒళ్లో పులిహోర డబ్బా, పాల్ ఒళ్లో బిగుసుకున్న రెండు పిడికిళ్లు.

తారు రోడ్డు అయిపోయి మట్టి దారి రాగానే పాల్ ప్రార్థన మొదలుపెట్టాడు. జీవితంలో అంత మనసు పెట్టి ఆయన ఎప్పుడూ ప్రార్థించలేదు. ప్రభువా, ఈ బండిని బురదలో దిగబడనీ. ప్రభువు ఆలకించి ముందు చక్రాలు రెండూ మునిగేంత గుంట చూపించాడు. పాల్ ముఖం వెలిగిపోయింది. వలీ చిన్న గేర్ రాడ్డు ఒకటి వెనక్కి లాగాడు. జీపు గుర్రుమంటూ బయటపడింది.

"పరేషాన్ గాకు పాల్ భాయ్. ఫోర్‌వీల్ ఏసినంక ఇది ఆగుడన్న ముచ్చటే లేదు," అన్నాడు వలీ.

తర్వాత వాగొచ్చింది, దాటింది. బండరాళ్లొచ్చాయి, ఎక్కింది. అడ్డంగా కూలిన చెట్టు కనబడేసరికి పాల్‌కు ఆనందంతో కళ్లు చెమర్చాయి. పాస్టర్ గారికి తక్లీఫ్ ఎందుకు, వెనక్కి పోదామని ఎంతో త్యాగబుద్ధితో అన్నాడు. వలీ తాడు కట్టి చెట్టునే పక్కకు లాగేశాడు. మేబెల్ చప్పట్లు కొట్టింది. పాల్‌కు వలీ పీక పిసకాలనిపించింది.

జలపాతం నిజంగానే బాగుంది. కొండ మీంచి తెల్లగా దూకి, పచ్చని మడుగులో పడి, రాళ్ల సందుల్లోంచి పారిపోతోంది. పాల్‌కూ అదే పని చేయాలనిపించింది.

అబ్రహాం గారు అంగీ తొడుక్కుని ముందు దిగారు. ఆయన ఇచ్చిన బాప్తిస్మాలన్నీ గచ్చు తొట్టిలో, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ ఉన్నచోట. ఇక్కడ కాలికింద నాచు పట్టిన రాయి తగిలింది. ఒక్క మాటైనా పలకకముందే జారి, ఆసరా కోసం ఒడ్డున నిలబడ్డ పాల్ చొక్కా పట్టుకున్నారు. ఇద్దరూ బుడుంగున మునిగారు.

పాల్ కాళ్లకు ఇసుక తగిలింది. తన్నుకుని లేచి నిలబడితే నీళ్లు ఛాతీ దాకానే ఉన్నాయి. ఆశ్చర్యంతో నోరు తెరిచాడు, నీళ్లు మింగాడు, దగ్గాడు. బతికే ఉన్నాడు. పాస్టర్ గారు మాత్రం నిలబడొచ్చన్న సంగతే మరిచి కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నారు. పాల్ చంకల కింద చేతులేసి ఆయన్ని ఒడ్డుకు చేర్చాడు.

అయిపోయినట్టేనా అని మేబెల్ ఆశగా అడిగింది. తువ్వాలు కప్పుకుని వణుకుతున్న అబ్రహాం గారు తల అడ్డంగా ఊపారు. మాటలు పలక్కుండా మునిగితే అది వట్టి స్నానమేనన్నారు. తాను మాత్రం మళ్లీ దిగలేనని, మరోసారి చర్చి తొట్టిలో చూసుకుందామని, నిల్వనీళ్లయినా దేవుడేమీ అనుకోడని బతిమాలారు.

ఊ అంటే చాలు, ఇంకో వాయిదా. పాల్ నోరు తెరవబోయాడు. మేబెల్ పులిహోర డబ్బా తీసి సర్దుతోంది, చర్చిలోలాగే తలొంచుకుని. ఆ తల చూస్తే ఆయనకు ఊ అనబుద్ధి కాలేదు.

"పారే నీళ్లు గీళ్లు అంత అబద్ధం, మేబెల్," అన్నాడు. "నాకు నీళ్లంటె భయం. చిన్నప్పుడు సంపుల పడ్డ. గందుకే ఇన్నేండ్లు తప్పించుకున్న."

మేబెల్‌కు కోపం రావాలి, వచ్చింది. "ఆ తొట్టి నింపిచ్చేది నేనే. గీ ఒక్క ముచ్చట చెప్తే మోకాళ్ల దాకనే పోపిచ్చి, కూసోబెట్టి ముంచుతుంటిమి గదా," అంది. మళ్లీ తనే, ఇప్పుడు భయం పోయిందా అని అడిగింది.

"లేదు," అన్నాడు పాల్. తర్వాత పాస్టర్ గారికి చెయ్యి అందించాడు. "రాండి అయ్యగారూ. నేను పట్టుకుంట."

ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకుని, అంగుళం అంగుళం జరుగుతూ దిగారు. ఎవరు ఎవరికి బాప్తిస్మమిస్తున్నారో ఒడ్డున ఉన్న వలీకి అంతుబట్టలేదు. ఈసారి మాటలన్నీ పూర్తయ్యాయి. పాల్ ముక్కు మూసుకుని వెనక్కి వాలాడు, మునిగాడు, లేచాడు. మేబెల్ అందరి ముందే కొంగుతో ఆయన తల తుడిచింది, తిడుతూనే తుడిచింది.

మర్నాడు మొదటి ఆదివారం. రొట్టె పళ్లెం వరసలోకి వచ్చేసరికి పాల్ చెయ్యి మడుగులోకన్నా ఎక్కువగా వణికింది. ముక్క కింద పడుతుందేమోనని మేబెల్ ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన తిన్నాక కూడా వదల్లేదు.