నేను కదిలించిన తాడు

మా చిన్నప్పుడు, తెలంగాణ వచ్చిన కొత్తలో... మోత్కూర్ దగ్గర మా ఊళ్ళో వరుసగా కరువు. బోరు వేయించే తాహతు లేక మా బాపు, ఆయన తమ్ముడు మల్లేశం కాక కలిసి పాత బావిలోనే పూడిక తీస్తున్నారు. నాకప్పుడు ఏడో తరగతి, ఒంటిపూట బడి.

బాపు అడుగున తట్టలో రాళ్ళూ మట్టీ నింపేవాడు. గట్టు మీద కాక గిరకతో పైకి లాగేవాడు. బావిలోంచి అరిస్తే ఆ మోతలో మాటలన్నీ కలగాపులగం... అందుకే ఒక సన్నటి సైగ తాడు వేలాడదీసి, దాని కొస కాక నడుముకు కట్టుకునేవాడు. తట్ట నింపి, పక్కకు జరిగి, బాపు రెండుసార్లు గుంజితే లాగమని అర్థం.

ఆ పొద్దున బడిలో సైన్స్ టీచర్ తరంగాల పాఠం చెప్పారు. ఏదైనా కదిలిస్తేనే తరంగం పుడుతుందట... నీళ్ళలో, గాలిలో, నేలలో, ఆఖరికి తాడులో కూడా. తాడు ఎక్కడిదక్కడే ఉంటుందట, కదలిక మాత్రం ఆ కొసకు పోతుందట. ఆ చోద్యం చూడందే నాకు అన్నం సహించేలా లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. కాక అటు తిరిగి బీడీ ముట్టించుకుంటుంటే, గట్టు మీద కూర్చుని సైగ తాడును రెండుసార్లు విదిలించాను. ఎంత బాగా పోయిందో ఆ అల...

కాక వెంటనే లాగాడు. సగం నిండిన తట్ట లేచి ఒరిగింది. వంగి ఉన్న బాపు భుజం మీద రాయి పడింది.

దవాఖాన నుంచి వచ్చాక బాపు అడిగాడు.

"నేను గుంజకముందే ఎందుకు లాగినవ్ రా?"

"రెండుసార్లు గుంజినవ్ కదనే అన్నా... నా నడుముకు తెల్వదా?"

"నేను గుంజలే."

"అంటే నేను అబద్ధమాడుతున్ననా?"

ఇద్దరూ నిజమే చెప్పారు. దర్వాజా పట్టుకుని నిలబడ్డ నేను మాత్రం నోట్లో మాట నోట్లోనే మింగాను. దెబ్బలు పడతాయని భయం... అంతే. పిరికిదాన్ని.

మాటా మాటా పెరిగింది. బీడీ యావలో అన్న ప్రాణం మరిచాడని ఊరంతా కాకనే అన్నది. ఆయన పాలు పంచుకుని చిట్యాలకు పోయి లారీల పంక్చర్ దుకాణం పెట్టుకున్నాడు. నా పెళ్ళికి వచ్చాడు గానీ, అక్షింతలు వేసి తినకుండానే వెళ్ళిపోయాడు.

పోయినేడు కాక గుండె ఆగి చనిపోయాడు. దినాలయ్యాక బాపు దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు.

"గీ మాట వాడున్నప్పుడు చెప్తే ఏమయ్యేది బిడ్డా..." అన్నాడు.

ఇప్పుడు మా దిక్కు బావుల్లో దిగేవాళ్ళూ లేరు, సైగ తాళ్ళూ లేవు. స్విచ్ వేస్తే నీళ్ళు. మీరూ చిన్నప్పటి మాట ఏదైనా కడుపులో దాచుకుని ఉంటే, ఇక్కడ కామెంట్లో రాయకండి... ఆ మనిషి బతికుండగానే పోయి చెప్పండి.